అవిచ్ఛిన్న విద్యుత్తు – అంత్యకాల స్మరణ

కోనసీమలో గౌతమీ, వైనతేయ పాయల నడుమ కొబ్బరితోటల్లో ఒదిగిన ఒక చిన్న గ్రామం. అక్కడి కేశవస్వామి ఆలయంలో వైఖానసాగమోక్తంగా నిత్యార్చన జరుగుతుంది. అర్చకస్వామి వయస్సు 58 ఏళ్లు. ఆయన పెదతండ్రిగారు 86 ఏళ్ల వృద్ధులు. ఊరివారు వారిని పెద్దాచార్యులవారని పిలుస్తారు. కైంకర్యం నుండి విరమించి చాలా కాలమైనా, వైశాఖమాసంలో కల్యాణోత్సవం సమీపించిందంటే ఏ క్రియ తరువాత ఏ క్రియ అనే సందేహానికి నేటికీ వారే ప్రమాణం.

వైఖానస సంహితలు అచ్చులో లభిస్తూనే ఉన్నాయి. అంకురార్పణం, ధ్వజారోహణం, బలిహరణం, అవభృథం, పుష్పయాగం మొదలైన వాటి విధానమంతా వాటిలో ఉంది. అయితే ఒక ఆలయంలో తరతరాలుగా ఆచరణలో ఉన్న విశేషాలు ఏ సంహితలోనూ ఉండవు. ఏ వీధి మలుపులో పల్లకి ఎంతసేపు నిలవాలి, ఏ ఇంటి నుండి ఏ ద్రవ్యం రావాలి, వర్షం వస్తే ఏ మండపంలో హోమశేషం పూర్తి చేయాలి, ఇవన్నీ ఆ ఆలయానికే పరిమితమైన సంప్రదాయం. శాస్త్రం దేహమైతే ఇది దాని నడక. ఈ కుటుంబంలో ఆ విశేషాలన్నీ ఒక తాటాకు కట్టలోను, తాతగారి చేతివ్రాత పుస్తకంలోను ఉండేవి. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి కోనసీమను కబళించిన పెనుతుఫానులో ఇంటి పెంకులు లేచిపోయాయి. అటకమీది గ్రంథాలు వాననీటిలో నానాయి. తాటాకులను ఆరబెట్టే లోపే బూజు పట్టింది. పుస్తకంలోని సిరా పుటపుటకూ పాకి నీలిమరకగా మిగిలింది. ఆనాటినుండి ఆ పద్ధతి పెద్దాచార్యులవారి కంఠంలో మాత్రమే ఉంది.

దానిని అక్షరబద్ధం చేయాలని అర్చకస్వామి ఎన్నో ఏళ్లుగా సంకల్పిస్తూ వచ్చారు. హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న కుమారుడు ఆరేళ్ల క్రితం ఒక కంప్యూటర్ కొని ఇచ్చాడు. దానితోపాటు ఒక యూపీఎస్‌ను కూడా తెచ్చి బల్లక్రింద పెట్టి, "నాన్నగారూ, కరెంటు పోయినా ఇది చూసుకుంటుంది. మీకు భయం లేదు" అని చెప్పి వెళ్లాడు. ఆ "భయం లేదు" అనే మాట అర్చకస్వామి మనస్సులో అభయముద్ర వలె నిలిచిపోయింది. ఆరేళ్లపాటు ఆ నల్లని పెట్టె బల్లక్రిందనే ఉంది. దాని ముఖాన ఆకుపచ్చ దీపం వెలుగుతూనే ఉంది. పంచాంగ గణనం చూసుకోవడానికి, కుమారునితో మాట్లాడటానికి తప్ప కంప్యూటర్‌ను ఆయన తెరిచేదే అరుదు కనుక, ఆ దీపం వెనుక ఏమున్నదని విచారించవలసిన అవసరం కలుగలేదు.

ఒక చైత్రమాసపు మధ్యాహ్నం పని ఆరంభమైంది. పెద్దాచార్యులవారు పడకకుర్చీలో కూర్చుని కన్నులు మూసుకుని చెబుతున్నారు. అర్చకస్వామి రెండు చూపుడువేళ్లతో టైపు చేస్తున్నారు. అంకురార్పణంతో మొదలై సాయంకాలానికి చక్రస్నానం దాకా ధార సాగింది. పెద్దలు ఆ ధోరణిలో చెప్పి ఎంతో కాలమైంది. మధ్యలో ఆపితే ఆ వేగం పోతుందేమోనన్న భయంతో అర్చకస్వామి మంచినీళ్లకు కూడా లేవలేదు. టైపు చేసినదాన్ని భద్రపరచాలన్న తలంపు ఒకటి రెండుసార్లు కలిగింది గాని, "ఈ ఘట్టం కానివ్వు" అనుకున్నారు. ఆయన వాడినది నోట్‌ప్యాడ్. ఆ పాత కంప్యూటర్‌లోని నోట్‌ప్యాడ్‌కు తనంత తాను భద్రపరచుకొనే ఏర్పాటు లేదు.

అయిదున్నర గంటల ప్రాంతంలో ఈశాన్యాన మబ్బు పట్టింది. గాలి లేచింది. ఎక్కడో కొబ్బరిమట్ట తీగలమీద పడింది కాబోలు, కరెంటు పోయింది. బల్లక్రింది పెట్టె "కుయ్" మని ఒక్క కేక వేసింది. ఆ కేక పూర్తి కాకముందే తెర నల్లబడింది.

"ఏమిట్రా, వేళ్లు ఆగిపోయాయి?" అన్నారు పెద్దలు కన్నులు తెరవకుండానే.

"పోయిందండి పెదనాన్నగారూ. మధ్యాహ్నం నుంచి మీరు చెప్పినదంతా పోయింది."

"నేనిక్కడే ఉన్నాను కదరా! పోవటమేమిటి?"

అర్చకస్వామి దానికి సమాధానం చెప్పలేకపోయారు. ఆ మాటలో ఎంత ధైర్యం ఉన్నదో అంత భయమూ ఉంది. ఆయన సంధ్యావందనానికి లేచారు గాని, ఆనాడు అర్ఘ్యజలం పట్టిన దోసిలి కొద్దిగా వణికింది.

మరునాడు అమలాపురం నుండి మెకానిక్ కుర్రవాడు వచ్చాడు. యూపీఎస్ మూత విప్పి లోపలి బ్యాటరీని బయటకు తీశాడు. ఇటుకంత ఉన్న ఆ నల్లని దిమ్మె ఇరుప్రక్కలా ఉబ్బిపోయి ఉంది. కొనలవద్ద తెల్లని పొడి పేరుకుని ఉంది.

"ఇది పోయి రెండు మూడేళ్లు అయ్యుంటుందండి గురువుగారూ."

"ఆకుపచ్చ దీపం వెలుగుతూనే ఉంది కదయ్యా!"

"ఆ లైటు కరెంటు ఉందని చెప్తాదండి. బ్యాటరీ బతికుందని కాదు."

ఈ మాట దగ్గర కొంచెం ఆగవలసి ఉంది. జిజ్ఞాసువులు యంత్రధర్మాన్ని కొంత తెలుసుకుంటే తరువాతి విషయం సుబోధమవుతుంది.

కంప్యూటర్‌లో రెండు విధాలైన స్మృతులు ఉన్నాయి. మనం టైపు చేస్తున్న అక్షరాలు మొదట తాత్కాలిక స్మృతిలో నిలుస్తాయి. దానికి విద్యుత్తే ప్రాణం. విద్యుత్తు ఉపసంహృతమైన క్షణాన అది శూన్యమవుతుంది. 'సేవ్' అనే ఆజ్ఞ ఇచ్చినప్పుడు మాత్రమే ఆ అక్షరాలు డిస్కుమీదికి చేరి, విద్యుత్తుతో నిమిత్తం లేకుండా నిలుస్తాయి. విన్నది వేరు, ధారణ చేసినది వేరు అని అధ్యయన సంప్రదాయం చెప్పే భేదం వంటిదే ఇది.

మన ఇళ్లకు వచ్చే విద్యుత్తు 230 వోల్టులది. సెకనుకు 50 ఆవర్తనాలు చేస్తుంది. అనగా ఒక్కొక్క ఆవర్తనానికి 20 మిల్లీసెకన్లు. సామాన్యంగా ఇళ్లలో వాడే యూపీఎస్ కరెంటు ఉన్నంతసేపు దానినే నేరుగా కంప్యూటర్‌కు అందిస్తూ, ప్రక్కన తన బ్యాటరీని నింపుకుంటూ ఉంటుంది. కరెంటు పోగానే లోపలి మీట మారి బ్యాటరీ శక్తి ప్రవహిస్తుంది. ఈ మార్పుకు పట్టే కాలం 10 మిల్లీసెకన్లలోపు. కనురెప్పపాటుకంటె ఎంతో సూక్ష్మం. ఆ స్వల్ప విరామాన్ని కంప్యూటర్ లోపలి విద్యుత్ భాగం తాను నిలువచేసుకున్న కొద్దిపాటి శక్తితో దాటివేస్తుంది. అందువల్లనే తెర ఆరిపోదు. వోల్టేజి హెచ్చుతగ్గులను బ్యాటరీ జోలికి పోకుండానే సవరించే 'లైన్ ఇంటరాక్టివ్' రకం పల్లెలకు మరింత అనువైనది. ఆసుపత్రులలోను, పెద్ద కార్యాలయాలలోను 'ఆన్‌లైన్' అనే రకం వాడతారు. దానిలో కంప్యూటర్‌కు అందే శక్తి ఎల్లవేళలా యూపీఎస్ లోపలే తయారై వస్తుంది కనుక విరామమే ఉండదు.

ఆలయంలో అఖండదీపాన్ని సేవించేవారికి ఈ భేదం తేలికగా బోధపడుతుంది. వత్తి మార్చవలసినప్పుడు ఆ దీపంతోనే ప్రక్కన మరొక వత్తి వెలిగించి, అది నిలిచిన తరువాతనే మొదటిదాన్ని తీస్తారు. అక్కడ విరామం లేదు. గాలికి ఆరిన పెరటి దీపాన్ని మళ్లీ వెలిగించేటప్పుడు, చేయి ఎంత చురుకైనదైనా, ఒక క్షణం చీకటి ఉండక తప్పదు.

బ్యాటరీ విషయానికి వస్తే, ఇది కొత్త వస్తువేమీ కాదు. సీసపు పలకలను గంధకికామ్లంలో ఉంచి, విద్యుత్తును నింపి మళ్లీ తీసుకోవచ్చునని ఫ్రాన్స్ దేశస్థుడైన గాస్టన్ ప్లాంటే 1859లో నిరూపించాడు. యూపీఎస్‌లోని సీల్డ్ బ్యాటరీ దాని వంశంలోనిదే. శక్తిని ఇచ్చేటప్పుడు రెండు పలకలమీదా సీసపు సల్ఫేటు ఏర్పడుతుంది. నింపేటప్పుడు అది కరుగుతుంది. ఖాళీగా వదిలివేసి చాలాకాలం ఉంచితే ఆ సల్ఫేటు గట్టిపడి ఇక కరగదు. వేడి మరొక శత్రువు. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే ఆయుర్దాయం ఇంచుమించు సగమవుతుందని ఈ విద్యలో ఒక స్థూల సూత్రం. అర్చకస్వామి ఇంట్లో ఆ పెట్టె పడమటి గోడకు ఆనుకుని ఉంది. ఆరు వేసవుల ఎండ ఆ గోడ వెనుకనుండి దానిని కాల్చింది. సామాన్యంగా మూడు నుండి అయిదేళ్లు ఉండవలసినది ఎప్పుడు కన్ను మూసిందో ఎవరికీ తెలియలేదు. అది నిశ్శబ్దంగా పోయింది. ఆకుపచ్చ దీపం మాత్రం వెలుగుతూనే ఉంది.

కుర్రవాడు కొత్త బ్యాటరీ వేశాడు. 12 వోల్టులు, 7 ఆంపియర్-గంటలు. ఈ రెంటినీ గుణిస్తే 84 వాట్-గంటలు. కంప్యూటర్, తెర కలిసి 120 వాట్లు తీసుకుంటాయనుకుంటే కాగితం మీద నలభై నిమిషాలు రావాలి. అర్చకస్వామి ఈ లెక్క వేసి సంతోషించబోగా, కుర్రవాడు నవ్వి, "పదిహేను ఇరవై నిమిషాలు వస్తే అదృష్టమేనండి" అన్నాడు. ఒక్కసారిగా పిండితే బ్యాటరీ తన శక్తినంతా ఇవ్వలేదు. రూపం మార్చేటప్పుడు మరికొంత వ్యయమవుతుంది. పాతబడే కొద్దీ ఇరవై పది అవుతుంది, పది అయిదు అవుతుంది. పెట్టెమీద వ్రాసిన 600 వీఏ అనే సంఖ్య కూడా వాట్లు కాదు; ఆ పెట్టె మోయగలిగిన భారం 360 వాట్లే. పెద్దాచార్యులవారి కోసం బల్లఫ్యాను కూడా దానికి తగిలించమని అర్చకస్వామి కోరారు. తిరుగుతుంది గాని గుర్రుమంటుందని, ఉన్న నిమిషాలను తినివేస్తుందని అతడు వారించాడు. లేజర్ ప్రింటర్‌ను మాత్రం ఎన్నడూ దానికి తగిలించరాదట. లోపలి రోలరు వేడెక్కేటప్పుడు అది ఒక్కసారిగా లాగే కరెంటును ఈ చిన్న పెట్టె భరించలేదు. ఉబ్బిన పాత బ్యాటరీని అతడే తిరిగి దుకాణానికి పట్టుకుపోయాడు. దానిలో ఉన్నది సీసమూ, ఆమ్లమూ. కాలువగట్టున పారవేయదగినవి కావు. అలా తిరిగి అప్పగించాలనే 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాలు కూడా చెబుతున్నాయి.

ఇక్కడ కొందరికి ఒక సందేహం కలుగవచ్చు. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే యూపీఎస్ ఎందుకు? ఇన్వర్టర్ ప్రయోజనం దీర్ఘకాలం. దీపాలు, ఫ్యాన్లు గంటల తరబడి నడపటం దాని పని. సాధారణ స్థితిలో అది మారే వేగం కంప్యూటర్‌కు చాలకపోవచ్చు. కొన్ని ఇన్వర్టర్లకు వెనుక 'యూపీఎస్' అని వ్రాసిన మీట ఉంటుంది. దానిని ఆ వైపు పెడితే కొంత మేలు. ల్యాప్‌టాప్ ఉన్నవారికి ఈ చింతే లేదు. దాని బ్యాటరీ దానిలోనే ఉంది. అసలు అర్చకునికి కంప్యూటర్ ఎందుకని అడిగేవారూ ఉన్నారు. ఒకప్పుడు తాటాకును, గంటాన్ని చూసి కూడా అలాగే అడిగి ఉంటారు. ఆ చర్చ ఇక్కడ అప్రస్తుతం.

ప్రస్తుతమైనది వేరొకటి. ఈ యంత్రం పేరుకు అర్థం 'అవిచ్ఛిన్న విద్యుత్ప్రదాత' అని. ఆ పేరు చూసి ఇది విద్యుత్తును విచ్ఛిత్తి లేకుండా ఇస్తుందని లోకం భ్రమపడుతుంది. కుమారుడు ఇచ్చిన అభయం కూడా అటువంటిదే. నిజానికి ఇది ఇచ్చేది విద్యుత్తు కాదు, వ్యవధి. చేస్తున్న పనిని కొనసాగించడానికి కాదు, సక్రమంగా ముగించడానికి చాలినంత వ్యవధి. ఆ పదిహేను నిమిషాలలో ఇంకొక పుట టైపు చేద్దామనుకున్నవాడు దాని ప్రయోజనాన్ని ఎరుగనివాడే. కేక వినపడిన వెంటనే అక్షరాలను భద్రపరచి, తెరిచినవన్నీ మూసి, యంత్రాన్ని నిద్రపుచ్చినవానికే అది ఉపకారం చేసింది.

భగవద్గీత ఎనిమిదవ అధ్యాయం చదివినవారికి ఇక్కడ ఒక ప్రకరణం స్ఫురించక మానదు. అంత్యకాలంలో ఏ భావాన్ని స్మరిస్తూ దేహాన్ని విడుస్తాడో ఆ భావాన్నే జీవుడు పొందుతాడని భగవానుడు అక్కడ చెప్పాడు. దీనిని విన్న మందాధికారి, "అయితే చివరి నిమిషంలో స్మరిస్తే చాలును కదా" అనుకుంటాడు. ఆ సందేహాన్ని ముందే ఎరిగిన స్వామి వెనువెంటనే, కనుక సర్వకాలాలలోను నన్ను స్మరిస్తూ నీ స్వధర్మమైన యుద్ధాన్ని చెయ్యమని అర్జునుని ఆజ్ఞాపించాడు. 'కనుక' అనే ఆ ఒక్క మాటలో హేతువంతా ఉంది. చివరి వ్యవధి వస్తుంది. అది ఎంతో తెలియదు. అది వచ్చినప్పుడు చేతికి అలవాటైన పనే చెయ్యి చేస్తుంది.

దాశరథీ శతకకర్త కంచెర్ల గోపన్న గారి ఆర్తి కూడా ఇదే. యమదూతలు ముంగిట నిలిచి, కఫం కంఠాన్ని అడ్డుకుని, బంధువులు చుట్టూ మూగినప్పుడు రామస్మరణ కలుగుతుందో కలుగదోనని సందేహించి, అందుకే ఇప్పుడే భజన చేసుకుంటానని ఆయన ఒక పద్యంలో నిశ్చయించుకున్నారు. తెలుగునాట పెద్దలు పిల్లలకు నేర్పే పద్యాలలో అది ఒకటి. చాలామందికి కంఠస్థమే. కంఠస్థమైనది ఆ వేళకు కంఠంలో ఉంటుందా అన్నదే ఆయన ప్రశ్న.

అజామిలుని మాట ఏమిటని అడుగుతారు. భాగవతం ఆరవ స్కంధంలో అతడు మరణభయంతో కుమారుని పిలిచి, ఆ నామబలం చేత విష్ణుదూతల రక్షణ పొందాడు. ఏ సాధనా లేనివానికి చివరి నిమిషం అక్కరకు వచ్చింది కదా అని వాదం. కాని ఆ ముద్దుల కుమారుని అతడు తినేటప్పుడు, త్రాగేటప్పుడు, ఆడించేటప్పుడు రోజుకు ఎన్నిమార్లు పిలిచి ఉంటాడు! ఉద్దేశం ఏదైనా నాలుకకు ఆ నాలుగక్షరాల దారి అరిగిపోయి ఉంది. కేక వినపడగానే నాలుక ఆ దారినే పట్టింది.

అర్చకస్వామి విచారించుకున్న కొద్దీ తన దోషం రెండు విధాలుగా కనిపించింది. బ్యాటరీని పరీక్షించకపోవడం ఒకటి. దానిని కుమారునిమీదికో, యంత్రంమీదికో కొంత నెట్టవచ్చు. పదేపదే భద్రపరచే అలవాటు లేకపోవడం రెండవది. దానిని ఎవరిమీదికీ నెట్టడానికి వీలులేదు. బ్యాటరీ బాగుండి ఉంటే ఆ సాయంత్రం దోషం బయటపడేది కాదు, అంతే.

కుర్రవాడు ఒక ఉపాయం చెప్పాడు. నెలకొకసారి కంప్యూటర్ నడుస్తుండగా గోడమీది స్విచ్చి ఆపి, రెండు మూడు నిమిషాలు బ్యాటరీమీద నడిపి చూడాలి. ప్లగ్గును ఊడబీకరాదు, స్విచ్చి మాత్రమే ఆపాలి. పూర్తిగా ఖాళీ అయ్యేదాకా పరీక్షించరాదు. అది బ్యాటరీకి హాని. పరీక్షకు ముందు టైపు చేసినదంతా భద్రపరచుకోవాలని వేరుగా చెప్పనక్కరలేదు. అర్చకస్వామి దీనికి శుక్ల ఏకాదశిని నియమించుకున్నారు. ఆనాడు తనకు ఉపవాసం, ఆ పెట్టెకు కాసేపు నిరాహారం. ఇంటావిడ దీనిని విని, "మీకిద్దరికీ పారణ ద్వాదశి ఘడియల్లోనేనా అండీ?" అని నవ్వారు. పెట్టె కూడా పడమటి గోడను విడిచి ఉత్తరపు గదిలోకి, నేలకు కొంచెం ఎత్తుగా, గాలి ఆడే చోటికి మారింది. టైపు చేసినదాని ప్రతిని ప్రతి సాయంత్రం కుమారునికి పంపడం, ఒక పెన్‌డ్రైవులో ఉంచి దేవుని గదిలో భద్రపరచడం మొదలయ్యాయి. యూపీఎస్ వ్యవధిని మాత్రమే ఇస్తుంది. ప్రతిని అది ఇవ్వదు. ఈ రెండు పనులూ వేరన్న సంగతి కూడా ఆయనకు అప్పుడే తెలిసింది.

పెద్దాచార్యులవారు మళ్లీ మొదటినుండి చెప్పడానికి అంగీకరించారు. అయితే రెండవసారి ధార అంత సుకరంగా రాలేదు. వరుసగా నాలుగు రోజులు పట్టింది. రోజుకు గంటకు మించి చెప్పలేకపోయారు. మొదటిసారి చెప్పని ఒక అంశం రెండవసారి చెప్పారు. మరి కొన్ని విడిచారేమోనన్న సందేహం అర్చకస్వామిని పీడించింది.

చక్రస్నానం ఘట్టం వద్ద ఆ సందేహం నిజమైంది. పల్లకి ఏటిగట్టుకు చేరినప్పుడు పడవలవారి ఇంటినుండి ఒక కొబ్బరికాయ వస్తుంది. దానిని స్వామికి సమర్పించడం ఆ ఆలయపు ఆచారం. అది చక్రత్తాళ్వారు నీటిలో మునగడానికి ముందా, తరువాతా? ఇటీవలి సంవత్సరాలలో అవకాశాన్నిబట్టి ఎటోఒకటు జరిగిపోతోంది. పూర్వపు నియమం ఏమిటి?

పెద్దలు చాలాసేపు ఆలోచించారు.

"తరువాతననుకుంటానురా. కాదు, ఆగు. మొదటిసారి ఏం చెప్పాను నీకు?"

"గుర్తులేదండి."

"నాకేం తెలుస్తుంది? అది నీ పెట్టెలో పెట్టావు కదా!"

ఈ మాట అర్చకస్వామికి సూటిగా తగిలింది. ఆ మధ్యాహ్నం మూడు గంటలకు పైగా ఆయన పెదతండ్రిగారి ఎదుటే కూర్చున్నారు. ఒక్క మాట కూడా విడువలేదు. అయినా చెవిన పడినది మనస్సులో నిలువకుండా వ్రేళ్లగుండా జారిపోయింది. బాల్యంలో ఇదే పెదతండ్రిగారి వద్ద అధ్యయనం చేసినప్పుడు రెండుసార్లు విన్న పన్నం మూడవసారికి నోటికి వచ్చేది. ఎదుట పెట్టె ఉన్నదన్న ధీమాతో చెవి తన పని మానుకుంది. వేదాన్ని క్రమ, జటా, ఘన పాఠాలతో అల్లి, ఒక కంఠం తప్పితే మరొక కంఠం దిద్దే విధంగా కాపాడిన వంశాలలో పుట్టినవానికి ఇది చిన్న లజ్జ కాదు. ఆ ఏర్పాటులో ఒకరు పోయినా పదిమంది ఉండేవారు. ఈ పద్ధతికో, చెప్పేవారు ఒక్కరు, వినేవాడు ఒక్కడు. ఆ వినేవాడు కూడా వినలేదు.

మరునాడు ఉదయం అర్చన ముగించుకుని ఆయన ఏటిగట్టుకు వెళ్లారు. పడవలు నడిపిన ఆ కుటుంబంలో ఇప్పుడెవరూ ఆ వృత్తిలో లేరు. వంతెనలు వచ్చిన తరువాత రేవే లేదు. ఇంటి ముందు ఒక ముసలమ్మ అరుగుమీద కూర్చుని చింతపండు పిక్కలు తీస్తోంది. అర్చకస్వామిని చూసి లేవబోయింది. ఆయన వారించి, కాయ సంగతి అడిగారు.

"ముందేనండి, ఆయ్. మా మావగారు కాయట్టుకుని మొలలోతు నీళ్లలో నిలబడేవోరండి. సామి నీళ్లలోకి దిగుతుంటే దారి సూపించేది మేము కదండీ బాబూ. దిగిపోయాక కాయెందుకండి?"

సంహితలో లేనిది, తాటాకుతో పోయినది, కంప్యూటర్‌లో పోయినది, పెద్దాచార్యులవారి స్మృతిలో మసకబడినది ఆ అరుగుమీద చింతపండు వాసనతో చెక్కుచెదరకుండా ఉంది. దానిని ఎవరూ భద్రపరచమని ఆమెకు చెప్పలేదు. ఏటేటా ఆ కాయను సిద్ధం చేసినది ఆ ఇల్లు కనుక నిలిచింది. అర్చకస్వామి ఇంటికి వచ్చి ఆ విషయాన్ని ఆమె మాటలలోనే వ్రాసుకున్నారు. పెద్దాచార్యులవారు విని, "ఔనురా, ఔను. మొలలోతు నీళ్లలో నిలబడేవాడు. పేరు కూడా గుర్తుకు వస్తోంది" అని లేచి కూర్చున్నారు. ఆ ఒక్క కాయతోపాటు మరి మూడు నాలుగు విశేషాలు వారి స్మృతిలోకి తిరిగి వచ్చాయి. ఆనాటి సాయంత్రం వారిని ఆపడం కష్టమైంది.

వైశాఖంలో కల్యాణోత్సవం జరిగింది. కాయ ముందే సమర్పితమైంది.

జ్యేష్ఠమాసంలో పుష్పయాగ ప్రకరణం వ్రాస్తుండగా ఒక సాయంకాలం మళ్లీ గాలి లేచింది. ఫ్యాను ఆగింది. బల్లమీద నుండి కేక వినిపించింది. ఈసారి విడివిడిగా, నిదానంగా, కొద్ది క్షణాలకొకటి. తెర వెలుగుతూనే ఉంది. అర్చకస్వామి వ్రేళ్లు వాటంతట అవే భద్రపరచే మీటలను నొక్కాయి. అంతకు కొద్ది నిమిషాల ముందే భద్రపరచిన పాఠమది. ఆయన తెరిచినవాటిని ఒక్కొక్కటిగా మూసి, కంప్యూటర్‌ను ఆపి, చివరికి యూపీఎస్ మీటను కూడా నొక్కారు. కేక ఆగింది. ఇంకా పది నిమిషాల శక్తి దానిలో మిగిలే ఉంది. గది చీకటైంది.

"పోయిందిరా?" అన్నారు పెద్దాచార్యులవారు.

"లేదండి పెదనాన్నగారూ. మూసి పెట్టాను."

"అయితే దీపం వెలిగించి ఇటు వచ్చి కూర్చో. ఆ మంత్రం తరువాతది చెబుతాను."

"వ్రాసుకోవడానికి కాగితం తెమ్మంటారా?"

"వద్దు. విను."

అర్చకస్వామి దేవుని గదినుండి ప్రమిద తెచ్చి గుమ్మం ప్రక్కన పెట్టి, పెదతండ్రిగారి పాదాలవద్ద చాపమీద కూర్చున్నారు.